గాజుగిన్నెలో చిక్కుడు పిండము

గ్రెగర్ మెండెల్ అను పేరు వినగానే బఠాణీ మొక్కలు స్ఫురించుట మనకు పాఠశాలనుండి వచ్చిన అలవాటు. బ్రూన్ నగరపు మఠోద్యానమున ఆ సన్యాసి ఎనిమిదేండ్లపాటు పెంచిన బఠాణీలనుండియే అనువంశికశాస్త్రము పుట్టినదనుట సత్యమే. కాని 1865 ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆయన ఆ నగరమందలి ప్రకృతిశాస్త్ర సంఘమువారి యెదుట చదివి, మరుసటి యేట అచ్చువేయించిన వ్యాసమున, బఠాణీని విడిచి చిక్కుడు జాతులను గూర్చి వ్రాసిన భాగమొకటి కలదనియు, అచట ఆయన మాట మునుపటికంటె జంకుతో నడచినదనియు ఎఱిగినవారు తక్కువ. తెల్లపూలు పూయు పొట్టి చిక్కుడునకును, ఎఱ్ఱని పూలు పూయుచు ప్రాకు వేఱొక జాతి చిక్కుడునకును ఆయన సంపర్కము కూర్పగా సంకరములు మొలచినవి గాని, వాని సంతానశక్తి మిక్కిలి క్షీణించియుండెను. వాని సంతతిలో పూతకు వచ్చిన 31 మొక్కలలో ఒక్కటి మాత్రమే తెల్లపూలు పూచెను. తక్కినవి ఊదా కలిసిన యెఱుపు మొదలుకొని వెలిసిన లేతవన్నె వరకు నానావర్ణములను చూపెను. బఠాణీలో నాలుగింట ఒకటిగా వచ్చిన తెలుపు ఇచట అంత అరుదగుటకు హేతువేమని విచారించి, పూవు రంగు ఒక్క కారకముచే గాక రెండింటిచేతనో, అంతకు మించినవానిచేతనో కలుగుచున్నచో తెలుపు పదునారింట ఒకటిగానో, ఇంకను అరుదుగానో రావలెనని ఆయన యూహించెను. ఊహ సరియైనదే. అయినను రెండు జాతులు కలిసినప్పుడు సంతానశక్తి ఏల సన్నగిల్లుననునది ఆ వ్యాసమున తేలని విషయముగనే నిలిచిపోయెను.

ఇచట చిక్కుడనగా మన పెరటి పందిళ్లపై ప్రాకు చిక్కుడు కాదు. అది పాతప్రపంచపు మొక్క. దాని ప్రజాతియే వేఱు. మనము బీన్సు అని కూరకు కొనితెచ్చుకొను లేతకాయలును, రాజ్మా యని నానబెట్టి వండుకొను గింజలును ఏ మొక్కవో, ఆ మొక్క అమెరికా ఖండములనుండి వచ్చిన ఫేసియోలస్ ప్రజాతికి చెందినది. ఆ ప్రజాతిలో డెబ్బదికి మించిన జాతులున్నను మానవుడు మచ్చికచేసి సేద్యములోనికి తెచ్చినవి ఐదే: రాజ్మానిచ్చు సాధారణ చిక్కుడు, మెండెల్ వాడిన ఎఱ్ఱపూల రన్నర్ చిక్కుడు, వెడల్పైన గింజల లిమా చిక్కుడు, ఎడారిలో పండు టెపరీ, మధ్య అమెరికా కొండలకు వెలుపల పెద్దగా పేరు పొందని డ్యుమోసస్ అను జాతి. ఐదింటికిని క్రోమోజోములు ఇరువదిరెండే. సంఖ్య సరిపోయినంతమాత్రమున సంబంధము కుదురునని యెవరైనను తలంచినచో, ఈ ప్రజాతి వారికి చాల నేర్పును.

దూరపు జాతులను కలుపవలసిన అగత్యమేమి? సాధారణ చిక్కుడు ప్రపంచమున కోట్లాది పేదలకు మాంసకృత్తుల నిచ్చుచున్న పంటయే యైనను, సుకుమారి. రాత్రి చల్లగా లేనిచో దానికి కాపు నిలువదు. రాత్రి ఉష్ణోగ్రత ఇంచుమించు 20 డిగ్రీలు దాటినకొలది పరాగము నిస్సారమగును, పూవులు రాలిపోవును, నిలిచిన కాయలలోను గింజలు తాలుపోవును. మన రాష్ట్రమున పాడేరు, చింతపల్లి ప్రాంతములందలి గిరిజన రైతులు కొండవాలులలో రాజ్మాను దండిగా పండింపగలుగుటకును, ఆ కొండల దిగువనున్న సముద్రతీరపు మైదానమున అదే గింజ వేసవిలో చల్లినవాడు ఆకులను మాత్రమే చూచుటకును కారణమిదియే. దీనికి తోడు బాక్టీరియావలన వచ్చు ఆకుమాడు తెగులొకటి కలదు. ఆకులపై పసుపు అంచు గల గోధుమవన్నె మచ్చలుగా బయలుదేరి, కాయలకు ప్రాకి, గింజలోనే దాగి మఱుసటి పంటకు సైతము సంక్రమించు ఈ వ్యాధికి సాధారణ చిక్కుడు రకములలో బలమైన నిరోధకత మిక్కిలి అరుదు. ఇంటిలో లేని ధనమును దాయాదుల యింట వెదకక తప్పలేదు.

ఆ దాయాదులలో ముఖ్యమైనది టెపరీ. అమెరికా నైరుతిభాగమున, మెక్సికో ఉత్తరభాగమున వ్యాపించిన సొనోరా ఎడారియందు ఓధమ్ జాతివారు దీనిని తరతరములుగా పండించుకొనుచున్నారు. నడివేసవిలో ఒకటి రెండు గాలివానలు కురిసి, వాగులు పొంగి, ఆ నీరు పల్లపు నేలలలో పరచుకొని ఇంకిపోగానే వారు గింజలు నాటెదరు. తరువాత చినుకు రాలకున్నను రెండు నెలలు దాటి కొన్ని దినములకే పంట చేతికి వచ్చును. మిట్టమధ్యాహ్నమున ఈ మొక్క తన ఆకులను సూర్యకిరణములకు సమాంతరముగా త్రిప్పుకొని యెండను తప్పించుకొనును. వేళ్లను లోతునకు పంపి తేమను వెదకికొనును. ఆకుమాడు తెగులును ఎదుర్కొను శక్తియు దీని రకములలో కొన్నింటికి పుష్కలముగా కలదు. ఆరిజోనా వ్యవసాయ పరిశోధనాలయమున ఫ్రీమన్ అను శాస్త్రజ్ఞుడు 1912లోనే ఈ చిక్కుళ్లను గూర్చి విపులమైన గ్రంథమును ప్రకటించెను. అయినను గింజ చిన్నదగుటచేతను, నీటిపారుదల వచ్చిన పొలములలో పెద్దగింజల రకముల యెదుట నిలువలేకపోవుటచేతను టెపరీ క్రమముగా వెనుకబడిపోయెను. పండించువారు విడిచిన దానిని పరిశోధకులు వెదకికొనుచు పోవుట వ్యవసాయచరిత్రలో క్రొత్త సంగతి కాదు.

ఇక సంకరము చేయు విధము. చిక్కుడు పూవు నిర్మాణమే మొదటి ఆటంకము. ధ్వజమును, రెండు బాహువులను దాటి లోనికి పోగా, ద్రోణులు రెండును కలిసి మెలితిరిగిన గొట్టమై, పది కేసరములను, కీలమును తమలో దాచుకొనియుండును. పూవు విచ్చకముందే పరాగము రాలి ఆత్మపరాగసంపర్కము జరిగిపోవును. కావున సంకరము చేయదలచినవాడు మఱునాడు విచ్చబోవు మొగ్గను ఎన్నుకొని, సన్నని పట్టకారుతో రేకులను ప్రక్కకు తొలగించి, పగులని పరాగకోశములను ఒక్కటియు మిగులకుండ గిల్లివైచి, కీలాగ్రమునకు గాయము కాకుండ అన్యజాతి పరాగము నద్దవలెను. చేయి వణకినచో మొగ్గ రాలును. చూచువారికి ఇదియే మహాకష్టమని తోచును గాని, నిజమునకు ఈ వ్యవహారమున ఇది సులభభాగము. టెపరీ పరాగము సాధారణ చిక్కుడు కీలాగ్రముపై మొలకెత్తును, పరాగనాళము అండాశయము వరకు సాగును, ఫలదీకరణము జరుగును, కాయ కూడ పెరుగనారంభించును. పిమ్మట రెండు మూడు వారములలో కాయ పండుబారి రాలిపోవును, లేదా లోపల ముడుచుకొనిపోయిన గింజ మిగులును.

రెండు జాతుల నడుమ ప్రకృతి కట్టిన గోడ సంయోగమునకు ముందున్నదని చాలకాలము అనేకులు భావించిరి. అనేక సంకరములలో ఆ గోడ సంయోగమునకు తరువాత, పోషణమున కలదు. దీనిని గ్రహించుటకు గింజ పుట్టుకను కొంచెము తెలిసికొనవలెను. 1898లో రష్యా శాస్త్రజ్ఞుడు నవాషిన్, మరుసటి యేట ఫ్రాన్సు దేశీయుడు గిన్యార్ కనుగొన్నట్లు, పూలమొక్కలలో ఫలదీకరణము రెండుమారులు జరుగును: పరాగనాళము తెచ్చిన రెండు పురుషబీజములలో ఒకటి స్త్రీబీజముతో కలిసి పిండమగును, రెండవది పిండకోశము నడుమనున్న కేంద్రకములతో కలిసి అంకురచ్ఛదమగును. చంటిబిడ్డకు తల్లిపాలెట్టివో పిండమునకు అంకురచ్ఛదమట్టిది. దానియందు తల్లి పాలు రెండు, తండ్రి పాలు ఒకటి. ఈ నిష్పత్తియందు ఇరువైపుల జన్యువులును ఒకదానికొకటి సరితూగినగాని అది చక్కగ పెరుగదు. అన్యజాతి తండ్రి వచ్చినప్పుడు ఆ తూకము చెడును. అంకురచ్ఛదము కణములుగా విభజన పొందుటలో తడబడి, ఒక్కొక్కప్పుడు పూర్తిగ క్షీణించును. అంతవరకు తిన్నగా పెరిగి, బీజదళములు మొలకలెత్తి, హృదయాకారము దాల్చిన పిండము ఆహారము లేక అచటనే ఆగిపోవును. అట్టి పిండమున జీవము లేదని చెప్పరాదు; దానికి దాది మాత్రమే కావలెను.

ఆ దాదిని వెదకినవారి చరిత్ర రసవత్తరమైనది. 1904లో జర్మనీయందు హాన్నిగ్ అనునతడు ముల్లంగి కుటుంబపు మొక్కల పిండములను గింజలనుండి వెలికిదీసి, చక్కెర, లవణములు కలిపిన ద్రావణమున పెంచి చూపెను. కాని అవి ఆరోగ్యవంతమైన గింజలనుండి తీసిన పిండములు. మరణోన్ముఖమైన సంకరపిండమును బ్రతికించిన కీర్తి లైబాఖ్ అను మఱియొక జర్మను శాస్త్రజ్ఞునిది. రెండు జాతుల అవిసెలను కలిపినప్పుడు ముడుతలుపడి మొలకెత్తని గింజలే వచ్చుచుండగా, వానినుండి పిండములను ఒలిచితీసి చక్కెర నీటితో తడిపిన ఆధారముపై నుంచి, అవి మొక్కలై పూచి కాచునట్లు చేసి, ఆ సంగతిని 1925లో ఆయన లోకమునకు వెల్లడించెను. చచ్చిన గింజయని పారవేయుటకు ముందు లోపల ఏమున్నదో చూడుడని ఆయన చేసిన హెచ్చరికను నాటి వృక్షసంకరకర్తలు వెంటనే చెవినిబెట్టినట్లు లేదు.

మిక్కిలి లేతవయసు పిండములు మాత్రము చక్కెరకును లవణములకును లొంగలేదు. 1941లో వాన్ ఓవర్‌బీక్, కాంక్లిన్, బ్లేక్స్‌లీ అనువారు ఉమ్మెత్త లేతపిండములను పెంచుటకు కొబ్బరినీటిని వాడి కృతార్థులైరి. మన కోనసీమవారికి ఇందు ఆశ్చర్యమేమియు తోచకపోవచ్చును గాని, సంగతి గంభీరమైనది: కొబ్బరినీరనగా కొబ్బరి పిండమునకై ఆ చెట్టు సిద్ధపరచిన ద్రవరూపపు అంకురచ్ఛదమే. ఒక మొక్క తన సంతతికై కూడబెట్టిన దానిని వేఱొక మొక్క అనాథశిశువునకు త్రాగించిరన్నమాట. దానియందు కణవిభజనను ప్రేరేపించు సైటోకైనిను వర్గపు పదార్థములున్నవని తరువాత తేలినది. నేటి ప్రయోగశాలలలో కొబ్బరినీటి స్థానమును చాలవఱకు ఆ పదార్థములే, 1962లో మురాషిగె, స్కూగ్ అనువారు పొగాకు కణజాలమునకై కూర్చిన లవణమిశ్రమముతో కలిసి, ఆక్రమించినవి. ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయమున పంచానన్ మహేశ్వరి నెలకొల్పిన పిండశాస్త్ర సంప్రదాయము ప్రపంచప్రసిద్ధము. గసగసాల మొక్క అండములకు గాజునాళికలోనే పరాగసంపర్కము చేయించి గింజలు పుట్టించిన ఘనత 1962లో ఆయన బృందమునకు దక్కినది.

ప్రయోగశాలలో జరుగు పని ఇట్లుండును. సంపర్కము చేసిన దినము చీటిపై వ్రాసి పూవునకు కట్టెదరు. కాయ రాలకముందు, పిండము హృదయాకారమునో అంతకు కొంచెము మించిన రూపమునో పొందియుండునని తోచిన దినమున కాయను కోసి, మద్యసారముతోను క్లోరిను ద్రావణముతోను శుద్ధిచేసి, వడపోసిన గాలి వీచు బల్లపై సూక్ష్మదర్శినిక్రింద కాయను చీల్చి, లేతగింజ పొర నొలిచి, ఆవగింజలో కొంతపాటియైన పిండమును సూదిమొనతో ఎత్తి, అగరుతో పేరుకొన్న పోషకముపై నుంచెదరు. మిక్కిలి లేత పిండమునకు నూటికి 8 నుండి 12 పాళ్ల చక్కెర కావలెను. పెరిగిన పిండమునకు రెండు మూడు పాళ్లు చాలును. ఇందలి కిటుకేమనగా, గింజలోపలి ద్రవము చిక్కనిది. పలుచని పోషకమున పడిన లేతపిండము తాను ఇంకను పిండమని మఱచి, పక్వము కాకముందే మొలకెత్తి, బలహీనమైన వేరొకటి రెండాకులును చూపి మాడిపోవును. చక్కెర పాలు పెంచినచో అది మొలకెత్తుట మాని పెరుగుటకు పూనుకొనును. పిమ్మట మొక్కను కుండీకి మార్చుట మఱియొక గండము. తేమ నిండిన గాజుగిన్నెలో పుట్టిన ఆకులకు వెలుపలి గాలి తాకగానే వాడిపోవు స్వభావముండుటచే, కొన్ని దినములు మూతక్రింద నుంచి, ఆ మూతను కొంచెము కొంచెముగా ఎత్తుచు అలవాటుచేయవలెను. హృదయాకారమునకు ముందే ఆగిపోవు పిండములకై బెల్జియము దేశపు జెంబ్లూ విద్యాలయమువారు పిండమును వెంటనే వేఱుచేయక, తొలుత కాయనంతయు పోషకముపై పెంచి, పిండము కొంత బలపడిన పిదప దానిని వెలికిదీయు పద్ధతిని రన్నర్, డ్యుమోసస్ చిక్కుళ్ల సంకరములలో అవలంబించిరి.

సాధారణ చిక్కుడు, టెపరీల సంకరమును పిండపోషణముతో సాధించినట్లు 1956లో షిగెమి హోన్మా అమెరికాలో ప్రకటించెను. 1978లో ఓరిగాను రాష్ట్ర విశ్వవిద్యాలయమున మాక్ దంపతులు తమ సహోద్యోగితో కలిసి, టెపరీతోను లిమాతోను సాధారణ చిక్కుడును కలుపుటను గూర్చి సవిస్తరముగ ప్రకటించిరి. ఆ పరిశోధనమునుండి వారు చిక్కుడు పిండములలో సైటోకైనినుల నడతను పరిశీలించుటకు పూనుకొని, సాధారణ చిక్కుడు పిండమును లిమా పిండమును ఒకే పదార్థమును వేఱువేఱు చక్కెరలతో జోడించి నిలువచేసికొనుచున్నవని కనుగొనిరి. రెండు జాతుల సంకరము ఏల కుదురదను ప్రశ్నకు ఇది సంపూర్ణ సమాధానము కాదు. అయినను ఒకే కుటుంబమున రెండిండ్ల వంటయే వేఱైనదని తెలిసికొనుటకు చాలును.

పిండము బ్రతికి మొక్కయై పూచినంతట కథ ముగియునని భ్రమింపరాదు. టెపరీ సంకరముల తొలితరము ప్రాయికముగా గొడ్డుమొక్కలు: ఆకులు ముడుతలు పడును, పరాగము నిస్సారము, కాయలు పట్టవు. ఇచట రెండు మార్గములున్నవి. కాల్చిసిను అను రసాయనముతో క్రోమోజోములను ద్విగుణము చేసి సంతానశక్తిని తిరిగి తెచ్చుట యొకటి. తండ్రిజాతితోనో తల్లిజాతితోనో మఱల మఱల కలిపి క్రమముగా సంతానశక్తిని పెంచుట రెండవది. సాధారణ చిక్కుడుతోనే మాటిమాటికి కలిపినచో సంతానశక్తి పెరుగును గాని, ప్రతి తరమునను టెపరీ యంశము సగము చొప్పున తరిగిపోవును. ఏ గుణమునకై ఇంత శ్రమపడితిమో అది చేతిలోనుండి జారిపోవుట కలదు. అందుచే మిన్నెసోటా విశ్వవిద్యాలయమున హఘీఘీ, ఆషర్ అనువారు 1988లో ఒక తరమున తల్లిజాతితోను, మఱుసటి తరమున తండ్రిజాతితోను మార్చి మార్చి కలుపు పద్ధతిని ప్రకటించిరి. పని రెట్టింపైనను, రెండు జాతుల జన్యువులు ఒండొంటితో కాపురము చేయుట నేర్చుకొనుటకు ఇది యుత్తమమని నా అభిప్రాయము. 1994లో కొలంబియాయందలి అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ కేంద్రమునుండి వెలువడిన ఫలితములు కూడ దీనినే సమర్థించినవి. ఈ మార్గమున తరములు గడచినకొలది సంకరపిండములు కాయలోనే మునుపటికంటె బాగుగ పెరిగెను, సంతానశక్తియు హెచ్చెను.

ఫలితములు పొలమునకు వచ్చుటకు దీర్ఘకాలము పట్టెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ శాఖయందు టామస్, వెయిన్స్ అనువారు 1984లో వెల్లడించిన సంకరములనుండి ఆకుమాడు తెగులునకు లొంగని వంశములు బయలుదేరినవి. కొలంబియా కేంద్రమున శ్రీ సింగ్, మున్యోజ్ అనువారు టెపరీ నిరోధకతను సాధారణ చిక్కుడులో నిలిపిన వ్యాక్స్ వంశములను 1999లో ప్రకటించిరి. కెనడాలో గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయమువారు విడుదల చేసిన ఓఏసీ రెక్స్ అను తెల్లగింజల రకమునకును ఆ నిరోధకత టెపరీనుండియే సంక్రమించినది. ఇక 2015లో ఆ కొలంబియా కేంద్రమువారే వేడిని తట్టుకొను చిక్కుడు వంశములు ముప్పది వరకు తమచేత నున్నవనియు, వానిలో కొన్ని టెపరీ సంకరజన్యములనియు, వాతావరణము నాలుగు డిగ్రీలు వేడెక్కినను అవి కాపు నిలుపగలవనియు చాటగా పత్రికలు దానిని క్షణములో జరిగిన అద్భుతముగ వర్ణించెను. హోన్మా ప్రకటనమునకును ఆ వార్తకును నడుమ ఇంచుమించు అరువదేండ్లు గడచినవని ఆ వర్ణనములలో ఎచటను కానరాదు. వీనిని జన్యుమార్పిడి పంటలని భ్రమపడువారును కలరు. బాహ్యమైన జన్యువు నొకదానిని చేర్చుట ఇచట లేదు. పరాగము కీలాగ్రముపై పడుట, పిండము పుట్టుట, అది పెరుగుట తప్ప మఱేమియు లేదు. పెరుగుట ఎచట జరిగెననునదే భేదము.

మన హైదరాబాదు చెంత పటాన్‌చెరువునందు 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ ఈ విద్యను కందిపై ప్రయోగించినది. కందికి దాయాదియైన కజానస్ ప్లాటికార్పస్ అను అడవిమొక్క కందితో సహజముగ కలియనిది. నళినీ మల్లికార్జున, మాస్ అను శాస్త్రజ్ఞులు సంపర్కానంతరము హార్మోనులను ప్రయోగించి కాయలు రాలకుండ నిలిపి, లోపలి పిండములను పోషకముపై పెంచి, 1995లో ఆ సంకరమును ప్రకటించిరి. తొలితరము గొడ్డుదే, క్రోమోజోములను ద్విగుణముచేసి, కందితో మఱల కలిపి, ఆ తరువాతి తరములకు కూడ పిండపోషణము చేసినగాని సంతానశక్తి కుదుటపడలేదు. చిక్కుడు విషయమున జరిగినదే అక్షరమక్షరము ఇచటను జరిగినది. అన్ని దాయాదులును ఇంత కష్టపెట్టునని కాదు. మన తూర్పుకనుమలలోను, ఒడిశా అడవులలోను సహజముగ పెరుగు కజానస్ కజానిఫోలియస్ అను మొక్క కందితో చక్కగ కలియును. దానినుండి లభించిన పురుషవంధ్యత్వము ఆధారముగనే సంకర కంది విత్తనములు తయారైనవి. 2015లో తెలంగాణమున విడుదలయైన మన్నెంకొండ కంది వానిలో ఒకటి.

ఇంత జరిగినను చిక్కుడు కుటుంబమున ఒక ద్వారము మూసికొనియే యున్నది. లిమా చిక్కుడుతో సాధారణ చిక్కుడును కలిపి పుట్టించిన పిండములను గాజుగిన్నెలో పెంచి మొక్కలుగ చేసినవారున్నారు గాని, ఆ మొక్కలనుండి సంతతి పొంది, లిమా గుణమొకదానిని సాధారణ చిక్కుడు పొలమునకు తెచ్చినవారు లేరు. దాది పాలు పిండమును బ్రతికింపగలవు. ఆ మొక్క పూవులో రెండు జాతుల క్రోమోజోములు జతగూడకున్నచో పోషకమున ఏమి కలిపినను ప్రయోజనము లేదు. టెపరీకిని సాధారణ చిక్కుడునకును నడుమ వారధిగ ఉపయోగించు వేఱొక అడవిజాతిని, టెపరీ సమీపబంధువైన పార్విఫోలియస్‌ను, పరిశోధకులు పరీక్షించుచున్నారు; లిమావైపునకు అట్టి వారధి ఇంకను దొరకలేదు.